కింది ఇంటి దగ్గు

మా వంటింట్లో నీళ్ళ కెటిల్ పక్కన ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఉండేది. పసిపిల్లల మానిటర్. అది మాది కాదు, కింది అంతస్తులో ఉండే అక్కది. దాని జత డబ్బా ఆవిడ కొడుకు పడుకునే ఊచల మంచానికి తగిలించి ఉండేది. కింద వాడు కదిలితే చాలు, ఇక్కడ నాకు వినిపించేది. చప్పుడు పెరిగేకొద్దీ డబ్బా మీద ఆకుపచ్చ దీపాలు ఒకదాని పక్కన ఒకటి వెలిగేవి. మరీ పెద్దగా ఏడిస్తే ఎర్రది.

మా బిల్డింగులో బట్టలుతికే మెషీన్లు సెల్లార్‌లో ఉంటాయి. అక్కడికి ఏ సిగ్నలూ అందదు. అందుకని మా ఇద్దరిదీ ఒక ఏర్పాటు. ఎవరు బట్టలకి దిగితే వాళ్ళు తమ ఇంటి డబ్బా రెండోవాళ్ళ చేతిలో పెట్టి వెళ్ళాలి. అక్క బట్టల బుట్ట చంకన పెట్టుకుని మా గుమ్మంలో నిలబడేది.

"ఇదిగో, నా కొడుకు నీ చెవిలో ఉన్నాడు. జాగ్రత్తే!"

ఆవిడ నా తోడబుట్టింది కాదు. ఈ ఊరొచ్చిన కొత్తలో, నేను లిఫ్టులో మా అమ్మతో ఫోన్లో పోట్లాడుతుంటే విని, "అబ్బ, ఎన్నాళ్ళయిందో ఇలాంటి తిట్లు విని" అంది. అంతే, అక్క అయిపోయింది. తర్వాత ఇద్దరం ఇంచుమించు ఒకేసారి కన్నాం. నాకు రెండో ఆడపిల్ల, చిట్టి. ఆవిడకి పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకి ఒక్క మగపిల్లాడు. పుట్టడమే బొద్దుగా, ఎత్తితే చెయ్యి లాగేసేట్టు పుట్టాడు. కొండగాడు అని పిలిచేది.

చిట్టికీ, కొండగాడికీ టీకాలు వేయించలేదు.

నా సంగతి చెప్తాను. నేను పాలడబ్బా మీద అక్షరం వదలకుండా చదివే మనిషిని. "నువ్వు అది చదివేలోపు పిల్ల కాలేజీకెళ్తుంది" అంటారు మావారు. నా పెద్దదానికి ఏడాది దాటాక ఒక సూది వేయించాం. ఆ రాత్రి జ్వరం వచ్చి ఫిట్స్ వచ్చాయి. కళ్ళు తేలేసింది. ఆస్పత్రిలో డాక్టరు కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా "ఇది మామూలే" అన్నాడు. ఎందుకొచ్చింది, మళ్ళీ వస్తుందా, పిల్ల మెదడుకి ఏమన్నా అయ్యుంటుందా అని అడిగాను. "మామూలేనమ్మా" అన్నాడు మళ్ళీ. పెద్దది బాగానే ఉంది. నేనే ఆ మాట దగ్గర ఆగిపోయాను. అక్కకి ఇదంతా చెప్పాను. ఆవిడ రాత్రంతా ఫోన్లో ఏవేవో చదివి, "మన పిల్లలు కాస్త గట్టిపడనీ. తొందరేముంది?" అంది. సరే అన్నాను. మావారు గొడవ పెట్టుకున్నారు. నేను ఏడ్చాను. ఆయన ఊరుకున్నారు.

చలి మొదలయ్యాక కొండగాడికి జలుబు చేసింది. తర్వాత దగ్గు.

ఆ దగ్గు విన్నవాళ్ళకే తెలుస్తుంది. ఒక దగ్గు మీద ఇంకో దగ్గు, ఊపిరి తీసుకోనివ్వకుండా. చివరికి అంతా అయిపోయిందనుకున్నప్పుడు, సన్నటి గొట్టంలోంచి గాలి లాగినట్టు... ఈల. కోరింత దగ్గు అన్నారు ఆస్పత్రిలో. సోకకుండా మా ఇంటిల్లిపాదికీ మందులిచ్చారు. మాకేం కాలేదు. అక్క మాత్రం ఒక సాయంత్రం ఆస్పత్రి నుంచి వచ్చి, కొండగాడి ఖాళీ కారు సీటు పట్టుకుని లిఫ్టు దిగింది.

ఓడ మీద పనిచేసే బావగారు వచ్చారు, కొన్నాళ్ళుండి మళ్ళీ ఓడెక్కారు. ఎక్కకపోతే ఆయన కూడా ఏమైపోయేవారో.

నేను రోజూ కిందికెళ్ళేదాన్ని. అక్క ఊచల మంచం పక్కన నేల మీద కూర్చుని ఉండేది. పాలపొడి వాసన, పిల్లల నూనె వాసన, ఆ గదిలో ఇంకా అలాగే ఉండేవి.

"వాళ్ళే చంపేశారే" అంది ఒకరోజు, నెమ్మదిగా. "ఒళ్ళంతా గొట్టాలు పెట్టారు. నా ఒళ్ళో ఉంటే బతికేవాడు."

నేను ఆవిడ పక్కనే నేల మీద కూర్చున్నాను.

"చిట్టిని వాళ్ళ చేతుల్లో పెట్టకు. నాకు మాటివ్వు."

చెయ్యి చాపింది. ఆ చేతిని గాల్లో ఎంతసేపని ఉంచను? పట్టుకున్నాను.

క్లినిక్ నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. మావారు అరవడం మానేశారు. "వేయిద్దామా?" అని మాత్రం అడిగేవారు, పాత్రలు కడుగుతూ, నా వైపు చూడకుండా.

"అక్కకి ఏం చెప్పను? చిట్టికి వేయిస్తే, ఆవిడ ఎదురుగా నిలబడి, వేయించి ఉంటే నీ కొడుకూ బతికేవాడే అన్నట్టు కాదూ?"

"మరి చిట్టి?"

జ్వరమన్నా భయమే. ఫిట్స్ అన్నా భయమే. దగ్గన్నా భయమే.

ఆ డబ్బా మాత్రం కెటిల్ పక్కనే ఉంది. కొండగాడిని ఆస్పత్రికి తీసుకెళ్ళిన రోజు అది నా దగ్గరే ఉండిపోయింది. తిరిగివ్వడానికి నాకు మొహం చెల్లలేదు. ప్లగ్ తీయడానికి చెయ్యి రాలేదు.

ఇక్కడ చలికాలంలో మధ్యాహ్నం టీ పెట్టుకునే వేళకే చీకటి పడుతుంది. ఆ రోజు పెద్దది ఇంకా స్కూల్లో ఉంది. చిట్టిని ఒళ్ళో పెట్టుకుని వంటింట్లో కూర్చున్నాను. బయట సన్నగా మంచు పడుతోంది. ఫ్రిజ్ గుర్రుమని ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దం.

డబ్బా మీద ఒక ఆకుపచ్చ దీపం వెలిగింది.

అక్క గది సర్దుతోందనుకున్నాను.

రెండోది వెలిగింది. దుప్పటి కదిలిన చప్పుడు. చిన్న మూలుగు...

తర్వాత దగ్గు.

ఒకటి మీద ఒకటి. దీపాలు పాకుతూ ఎర్రదాకా వెళ్ళాయి. దగ్గు ఆగింది. గాలి కోసం ఈల రావాలి. రాలేదు. నేను ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్నాను. రావడం లేదు...

వచ్చింది. డబ్బాలోంచి కాదు.

నా ఒళ్ళోంచి.

చిట్టి నోరు తెరిచి, డబ్బా వైపే చూస్తూ, అదే ఈలతో గాలి లోపలికి లాగింది. తర్వాత నా మొహం చూసి నవ్వింది.

కోటు వేసుకున్నానో లేదో గుర్తులేదు. చిట్టిని పిల్లల తోపుడుబండిలో పడుకోబెట్టి, మెట్ల మీదుగానే దిగాను. అక్క తలుపు ముందు నుంచి వెళ్ళాలి. తలుపు కొద్దిగా తెరిచి ఉంది. లోపల దీపం లేదు. చప్పుడు చేయకుండా దాటాను, దొంగలాగా. వీధిలోకి వచ్చాక బండి బరువెక్కింది. చక్రాల్లో మంచు ఇరుక్కుందేమోనని వంగి చూశాను. ఏమీ లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు రెండు చేతులా, ఒళ్ళంతా వంచి తోయాల్సి వచ్చింది.

క్లినిక్‌లో ఒక పెద్దావిడ, నర్సు. చిట్టి గుండెల మీద స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నది.

"ఛాతీ శుభ్రంగా ఉందమ్మా. పిల్లలు విన్న చప్పుడల్లా చేసి చూస్తారు. ఇంట్లో ఎవరైనా దగ్గుతున్నారా?"

"లేదు" అన్నాను. "ఇప్పుడు లేదు."

ఆవిడ నా మొహం చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. నేను అంతా అడిగాను. పెద్దదాని ఫిట్స్, ఆ డాక్టరు, ఆయన అన్న ఆ "మామూలే". ఆవిడ మధ్యలో ఆపలేదు.

"జ్వరం రావచ్చు. రాదని నేను చెప్పను" అంది. "మీ పెద్దమ్మాయికి వచ్చింది జ్వరం వల్ల వచ్చే ఫిట్స్. చూసేవాళ్ళ ప్రాణం పోతుంది కానీ, పిల్లకి హాని చేయడం చాలా చాలా అరుదు. ఆ మాట మీకు అప్పుడే కూర్చోబెట్టి చెప్పాల్సింది. ఈ దగ్గు మాత్రం వేరు. ఇంత పసిపిల్లల్లో దానికి జాలి లేదు."

అదొక్కటే కావాలి నాకు ఇన్నాళ్ళూ. నాతో ఒకరు కూర్చోవడం.

చిట్టిని తూకం మీద పడుకోబెట్టింది. అంకెలు చూసి కనుబొమలు ముడిచింది. పిల్లని తీసి, తూకాన్ని ఆపి, మళ్ళీ వేసి, మళ్ళీ పడుకోబెట్టింది. "ఇది పాడైనట్టుంది. ఇద్దరు పిల్లల బరువు చూపిస్తోంది" అని నవ్వేసి, పక్క గదిలోని తూకం తెచ్చింది.

నేను నవ్వలేకపోయాను.

సూది గుచ్చినప్పుడు చిట్టి ఒక్కసారి కెవ్వుమంది. రెండోసారి కూడా ఏడుపు వినిపించినట్టయింది, పక్క గదిలోంచి కాబోలు.

తిరుగుదారిలో బండి దూదిలా వచ్చేసింది.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచి థర్మామీటర్ పట్టుకుని కూర్చున్నాను. చంకలో పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను. మావారు పెద్దదాన్ని స్కూల్ నుంచి తెచ్చి, చిట్టి తొడ మీద అంటించిన చిన్న ప్లాస్టర్ చూసి, ఏమీ అడక్కుండా నా తల నిమిరారు. చిట్టి పాలు తాగింది. ఆడింది. ఒళ్ళు చల్లగా, మామూలుగా ఉంది. జ్వరం నీడ కూడా లేదు. సంతోషించాలి కదా. గుండెల్లో ఎక్కడో బరువుగానే ఉంది. అక్కకి ఇచ్చిన మాట తప్పాను. రేపు పొద్దున్నే నేనే వెళ్ళి చెప్పాలి, ఎవరో చెప్పేలోపు, అనుకున్నాను.

ఇంకా అన్నాలు తినలేదు, తలుపు తట్టారు.

అక్క. చెప్పులు లేవు. జుట్టు విరబోసుకుని ఉంది. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని లాగింది.

"రా. కిందికి రా. తొందరగా."

"ఏమైందక్కా?"

గదిలోకి తీసుకెళ్ళింది. ఊచల మంచం మీద వీధి దీపం వెలుతురు పడుతోంది. ఖాళీ పరుపు, తెల్ల దుప్పటి. దుప్పటి మధ్యలో, ఆవగింజంత, ఎర్రటి చుక్క.

"నన్నడక్కుండా..." అంది అక్క. "నన్నడక్కుండా నా కొడుక్కి సూది ఎవరు వేయించారే?"

క్లినిక్ సంగతి ఆవిడకి చెప్పినవాళ్ళు లేరు. చెప్పినా...

అక్క అరుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. ఆవిడ నా అరచేతిని తీసుకుని పరుపు మీద ఆనించింది, అంతే.

కాలిపోతోంది.

"చూశావా?" గుసగుసగా అంది. "ఒంటి మీద చెయ్యి పెట్టనివ్వట్లేదు. కానీ దగ్గట్లేదే. ఇందాకటి నుంచి ఒక్కసారి కూడా దగ్గలేదు."

ఆ చీకట్లో ఆవిడ మొహం చూశాను. ఏడుస్తోంది. ఇన్నాళ్ళకి మొదటిసారి.

వంటింట్లోకి వెళ్ళి గుడ్డ తడిపి తెచ్చాను. నీళ్ళు కారుతున్నాయి. అక్క దాన్ని నా చేతిలోంచి తీసుకుని, పిండి, ఖాళీ పరుపు మీద, తల ఉండే చోట, ఎంతో జాగ్రత్తగా పరిచింది. ఇద్దరం చెరో పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాం. ఇంట్లో ఏ చప్పుడూ లేదు. ఏదో చిన్నగా, ఒక లయలో, నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు... లేక అది నాదేనేమో.

అక్క గుడ్డ తీసి నాకిచ్చింది. ఒక్క చుక్క తడి లేదు. ఎండలో ఆరేసినట్టు కరకరలాడుతోంది.

"ఇంకోటి తడిపి తే చెల్లీ" అంది.