తనంతట తానే రాసే తెర

చిత్తూరు నుంచి పాకాల పోయే దారిలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉండేది. రెండు వేల మూడులో దాని వెనక గదికి చెడ్డపేరు వచ్చింది. చీకటి పడితే అటు ఎవరూ పోరు. మనిషి లేని గదిలో కంప్యూటర్ తెర తనంతట తానే రాసుకుంటుందని...

రాసేది పంకజాక్షి అన్నారు.

పంకజాక్షి ఆ గదిలోనే పనిచేసేది. ఫ్యాక్టరీ లెక్కల్ని మద్రాసు ఆఫీసుకు చేర్చే రౌటర్ పెట్టెను, దానికి తగిలించిన కంప్యూటర్‌ను చూసుకునేది. బస్సు ప్రమాదంలో పోయింది. ఆమె పోయిన వారానికే తెర రాయడం మొదలుపెట్టింది. "ఆమే. నేను కండ్లారా సూసినా" అని మేనేజరు రఘునాథ్ ఊరంతా చెప్పాడు.

అంతటితో పోలేదు. ఆమె కూతురు లోహితను బడిలో "దెయ్యం బిడ్డ" అన్నారు. బెంచీలో పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆ బిడ్డ బడి మానేసింది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం ఆగదు.

పంకజాక్షి తల్లి మునిరత్నమ్మ, తిరుపతిలో రౌటర్లు బాగుచేసే గిరిప్రసాద్ దగ్గరికి పోయింది. "సచ్చినదాన్ని తేలేము నాయనా. దాని పేరన్నా బాగుచెయ్యి" అంది. తర్వాత జరిగింది గిరిప్రసాద్ చెప్పినట్టే చెబుతున్నాను.

ఆ రాత్రి గది తాళం తీసింది రఘునాథే.

"మంత్రాలు నేర్చినావా, ఉత్త వైర్లేనా?"

"వైర్లే సార్."

అవ్వా మనవరాలూ బయట వసారాలో కూర్చున్నారు.

గదిలో తెర ఒక్కటే వెలుగుతోంది. ముందు కుర్చీ ఖాళీ... ఒక వరుస వచ్చింది. ఆగింది. ఇంకొకటి వచ్చింది... మద్రాసుకు లెక్కలు పోయే వేళ కాగానే — వెల్లువ! చదివేలోపే వరుసలు పైకి కొట్టుకుపోతున్నాయి.

గిరిప్రసాద్ కుర్చీలో కూర్చుని రెండు అక్షరాలు కొట్టాడు. మూడోది కొట్టేలోపు వాటి మధ్యలో ఎవరివో మాటలు దూరాయి. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అంతే. తాను రాసేది తనకే కనపడడం లేదు.



"సూసినావా అప్పా..." రఘునాథ్ చెవి దగ్గర గుసగుసలాడాడు. "రాయనియ్యదు. ఎవుర్నీ రాయనియ్యదు."

గిరిప్రసాద్ చేతులు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత — కళ్ళు మూసుకున్నాడు.

చూస్తే భయం. చూడకపోతే అది ఉత్త రౌటర్. లోపల జరిగేదంతా తెరమీద రాయమని దానికి ఎవరో చెప్పారు. లోపం వెతికేటప్పుడు అట్లా చెబుతారు, పని కాగానే ఆపమంటారు. ఇక్కడ ఎవరూ ఆపలేదు. తెరమీద అక్షరాలు ఎంత కలగాపులగమైనా, కొట్టినవి కొట్టినట్టే రౌటర్‌కు అందుతాయి.

కళ్ళు తెరవకుండానే, అన్నీ ఆపమనే ఆదేశం కొట్టి ఎంటర్ నొక్కాడు.

తెర ఆగిపోయింది...

"కనపడకుండానే కొట్టొచ్చునా?" రఘునాథ్ నోరు జారాడు. "తెలిసుంటే ఆ పొద్దే ఆపేసుందునే! రౌటర్ ఆర్పుదామంటే మళ్ళీ లేస్తాదో లేదోనని..."

గిరిప్రసాద్ తల తిప్పాడు.

"ఏ పొద్దు సార్?"

రఘునాథ్ తలుపు వైపు ఒక అడుగు వేశాడు.

తెలియకపోవడం తప్పు కాదు. ఎవరికైనా ఒక్క ఫోను చేసి అడిగుంటే సరిపోయేది. తన చేతకానితనం బయటపడకూడదని, తిరిగి మాట్లాడలేని మనిషి మీదికి తోశాడు. దానికి ఒక పసిబిడ్డ చదువు పోయింది. ఇంతకన్నా నీచమైన పని నేను చూడలేదు.

గిరిప్రసాద్ అతన్ని చొక్కా పట్టుకుని వసారాలోకి లాగాడు. "చెప్పు. ఈ బిడ్డకు చెప్పు."

రఘునాథ్ నేల చూస్తూ గొణిగాడు. "మీయమ్మ కాదు పాపా... నేనే. లోపం ఎతుకుదామని దాన్ని రాయమన్నా, ఆపడం రాక..."

లోహిత తలుపులోంచి ఖాళీ కుర్చీ వైపు చూసింది.

"అయితే మాయమ్మ ఈడ లేదా అవ్వా?"

మునిరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రఘునాథ్ ఇప్పటికీ చిత్తూరు బస్టాండులో నాకు నమస్కారం పెడతాడు. నేను తిరిగి పెట్టను.