దోమ కుట్టని చెయ్యి

హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్లో ఆ ఉదయం వేలం మంచి ఊపులో ఉండగా బ్రోకర్ లక్ష్మీకాంత్ తెల్లటి గూళ్ళ రాశి మీద బోర్లా పడిపోయాడు. నాణ్యత చూడటానికి వంగాడనుకున్నారు పక్కవాళ్ళు. ఎంతకీ లేవకపోయేసరికి ఎవరో భుజం పట్టి తిప్పారు. మెడ వెనక సన్నటి సూది గాటు, దాని చుట్టూ నీలం. వేలం ఆగిపోయింది. జనం వెనక్కి తగ్గారు.

పోలీసులు అతని గుప్పిట విప్పితే అందులో చచ్చిన పట్టుపురుగు ఒకటి ఉంది. దాని ఒంటి నిండా మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. లక్ష్మీకాంత్ బ్రోకరే కాదు, ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసుకి ఇన్‌ఫార్మర్ అని ఆ మార్కెట్లో ఎవరికీ తెలియదు. చంపినవాళ్ళకి తప్ప.

మధ్యాహ్నానికల్లా బెంగుళూరు రోడ్డు మీద ఆగిన ఒక నల్ల కారులో బ్రీఫింగ్ జరిగింది. వెనక సీట్లో చీఫ్ గోవిందప్ప. ఆయన పక్కన ఏజెంట్ సుహానా. గూళ్ళ మార్కెట్ వెనక వీధిలో సైకిళ్ళు రిపేరు చేసే మౌలాలి కూతురు. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. డిపార్ట్‌మెంట్‌లో చేరి ఆరేళ్ళయినా మగ ఏజెంట్లు ఆమెను టీ తెమ్మని అడగడం మానలేదు.

"ఆ పురుగుకి వచ్చిన రోగం పెబ్రిన్," అన్నాడు చీఫ్. "తల్లి సీతాకోకచిలుక నుంచి గుడ్డుకి దిగుతుంది. రోగపు గుడ్లు ఒక్క ఊరికి చేరితే చాలు, చుట్టుపక్కల షెడ్లన్నీ ఊడ్చిపెట్టుకుపోతాయి."

మిగతాది ఆయన గబగబా చెప్పుకుపోయాడు. పెనుకొండ దగ్గర పట్టుగుడ్ల కేంద్రం నడిపే సైంటిస్టు డాక్టర్ పావని ఒక పరికరం కనిపెట్టింది. ఫోన్‌కి తగిలించే లెన్సు, లోపల ఒక ప్రోగ్రాం. కొన్ని గుడ్లు నలిపి దాని కింద పెడితే రోగముంటే ఎరుపు, లేకపోతే పచ్చ. దాని పేరు 'కన్ను'. అదివరకు ఏటా పురుగులు చచ్చి, ఇళ్ళకు తాళాలేసి బెంగుళూరుకు ఇళ్ళు కట్టే బేల్దారి పనికి పోయిన కుటుంబాలు ఇప్పుడు ఊళ్ళోనే ఉంటున్నాయి. గుడ్లు పరీక్ష చేసేది కూడా ఆ ఊళ్ళ ఆడవాళ్ళే. దానివల్ల ధర్మవరం మగ్గాలకు ఇక్కడి పట్టే సరిపోతోంది. విదేశీ నూలు అమ్ముకునే 'సిల్వర్ థ్రెడ్' ముఠాకి కడుపు మండింది.

"కన్నుకి రేపు కొత్త అప్‌డేట్ వెళ్తుంది. ఆ వెంటనే గుడ్ల వ్యాన్లు బయలుదేరతాయి. అప్‌డేట్ ముసుగులో ముఠా తన ప్రోగ్రాం ఎక్కిస్తుంది. ఎరుపు చూపాల్సిన చోట పచ్చ చూపిస్తుంది. రోగపు గుడ్లు ఇప్పటికే పెట్టెల్లో కలిశాయని లక్ష్మీకాంత్ చివరి కబురు. ఇప్పుడే అన్నీ ఆపితే ముఠా మనిషి జారుకుంటాడు, ఎక్కించేటప్పుడే పట్టుకోవాలి."

రైతులు శాపనార్థాలు పెట్టేది ముఠాకి కాదని సుహానాకు అర్థమైంది. పావనికి. ఆడదాని చేతికి మిషనిస్తే ఇంతేనని నూరు నోళ్ళు లేస్తాయి. ఆ నోళ్ళు ఎలా లేస్తాయో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ కేంద్రం లోపల మన సీనియర్ ఏజెంట్ నైనా ఉందని చెప్పాడు చీఫ్. ట్రైనర్ వేషంలో రెండు వారాలుగా పురుగుల షెడ్డులోనే కాపలా కాస్తూ రోజూ రిపోర్టు పంపుతోందట. ఆమె చెప్పినట్టు వినమన్నాడు. కోడ్ మాటలు ఇచ్చాడు. అప్పుడాయన చూపు సుహానా ఒడిలోని గాజుల బుట్ట మీద పడింది.

"ఇంకా ఆ గాజు మోస్తున్నావా?"

ఆ గాజు సుహానా సొంత డిజైన్. చూడటానికి ఎర్ర గాజు, లోపల స్టీలు, దానిలోపల జామర్. ఇరవై అడుగుల్లో ఏ వైర్‌లెస్ సిగ్నలూ బతకదు. మణికట్టు మీద మూసుకుంటే తాళంచెవితో తప్ప రాదు. డెమో రోజున కాన్ఫరెన్స్ హాలంతా పగలబడి నవ్వింది. జామర్ చెయ్యమంటే గాజులు చేసింది, రేపు మనకీ తొడిగి కూర్చోబెడుతుందన్నాడొక పెద్దమనిషి. ఆ నవ్వు సుహానా చెవుల్లో ఇంకా అలాగే ఉంది. ఆమె బుట్ట నెత్తికెత్తుకుని కారు దిగింది.

పెనుకొండ కొండ నీడ దాటి, ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ వైపు పోయే దారిలో, మల్బరీ తోటల మధ్య ఉంది గుడ్ల కేంద్రం. వెలిసిన చీర, తల మీద గాజుల బుట్ట, నోట్లో వక్కపలుకు. గాజులమ్మే దౌలత్‌బీగా సుహానా గేటు దాటింది. గుమ్మంలో ఉన్న బ్లీచింగ్ నీళ్ళ తొట్టిలో ఎవరూ చెప్పకుండానే రెండు కాళ్ళూ ముంచి లోపలికి నడిచింది.

డాక్టర్ పావనిని ఒంటరిగా పట్టుకుని ఐడీ చూపించి, లక్ష్మీకాంత్ గుప్పిట్లో దొరికిన చుక్కల పురుగుని గాజుగొట్టంతో సహా చేతిలో పెట్టింది. పావని దాన్ని వెలుతురులోకి తిప్పింది. ముఖం నల్లబడింది. ఆ కోపం మాత్రం సుహానా మీదికే వచ్చింది.

"మళ్ళా ఇంకొకర్ని పంపినారా? నా మిషన్ను నమ్మల్లంటే మూడేండ్లు పట్టింది మీకు. కమిటీకి పోతే, ఏ సారు చేసిచ్చినాడమ్మా ఇది అని అడిగినారు. ఎవరో మా కరెంటు వైర్లు కోసినప్పుడు ఒక్కడూ రాలే. ఇప్పుడు కాపాడతామని వస్తాండారు."

సుహానాకీ ఒళ్ళు మండింది. తను కాపాడటానికి రాలేదని, పని మీద వచ్చానని, ఇష్టం లేకపోతే తలుపేసుకోమని చెప్పింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్న చూపుకి పాలు పెడితే విరిగిపోయేవి. చివరికి పావని, పడుకోవాలంటే ఆడవాళ్ళతో పాటు షెడ్డులో పడుకోమని, పురుగుల జోలికి పోవద్దని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి సుహానాను దోమలు పీక్కుతిన్నాయి. ఆమెకది కొత్త కాదు. చిన్నప్పుడు అమ్మ నడవలోనే పురుగులు పెంచేది. పురుగులున్న ఇంట్లో దోమల బత్తి వెలిగించరు, ఒంటికి క్రీము రాయరు. ఆ మందు గాలి సోకితే చాలు, పురుగు ఆకు కక్కుకుని చస్తుంది. పిల్లలు గోక్కుంటూ పెరుగుతారు, అంతే. బళ్ళో టీచరు సుహానా చేతులు చూసి గజ్జి అనుకుని వెనక బెంచీలో కూర్చోబెట్టింది. ఆ అవమానం తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ కోపమే.

తెల్లారేసరికి వ్యాన్లు వరసగా నిలబడ్డాయి. గుడ్ల పెట్టెలు ఎక్కుతున్నాయి. షెడ్డు బయట సుహానా బుట్ట దించగానే ఆడవాళ్ళు మూగారు. ముందు చెయ్యి చాపింది కదిరమ్మ. పురుగుల షెడ్డుకి పెద్దదిక్కు ఆమె. ముదురు చెయ్యి, మోచేతి దాకా ఎర్రటి దోమకాట్లు. ఆ తర్వాత చాచిన ప్రతి చెయ్యీ అంతే.

అప్పుడొచ్చింది నైనా. లేతాకుపచ్చ చీర, నల్లద్దాలు, నడకలో ఒక లెక్క. వ్యాన్ డ్రైవర్లు పెట్టెలు ఎత్తడం మర్చిపోయి చూస్తున్నారు. ఆమె సుహానా ముందు గొంతుక్కూర్చుని నవ్వింది.

"గాజులమ్మా, ఆకు తడిగా ఉందా?"

"ఎండ తగిలితే ఆరిపోతాది తల్లీ."

కోడ్ సరిపోయింది. నైనా గొంతు తగ్గించి, షెడ్డంతా తన కంట్రోల్‌లో ఉందని, గేటు దగ్గర నిలబడి వ్యాన్లు చూసుకోమని చెప్పింది. ఎవరూ అనుమానించకుండా చెయ్యి చాపింది. గాజులమ్మేవాళ్ళు చేసినట్టే సుహానా ఆ చేతిని పట్టుకుని వేళ్ళ కణుపులు నొక్కుతూ మెత్తగా వదలమంది.

మెత్తగానే ఉంది ఆ చెయ్యి. వెన్నపూసలా ఉంది. రెండు వారాలు పురుగుల మధ్య కాపలా కాసిన చేతి మీద ఒక్కటంటే ఒక్క దోమకాటు లేదు. నిమ్మగడ్డి వాసన వస్తోంది. దోమల క్రీము.

సుహానా తల ఎత్తలేదు. ఈ చెయ్యి ఆకు ముట్టి ఉంటే షెడ్డులో పురుగులన్నీ ఎప్పుడో చచ్చేవి. పురుగులు బతికే ఉన్నాయి. అంటే ఈ చెయ్యి షెడ్డులోకి రాలేదు. రోజూ పంపిన రిపోర్టులన్నీ అబద్ధం. ఆమె బుట్ట అడుగు నుంచి ఎర్రగాజు తీసింది. క్రీము పుణ్యమా అని అది సాఫీగా జారి మణికట్టు మీద టిక్కుమని మూసుకుంది.

ఫిట్టింగ్ బావుందని మెచ్చుకుని నైనా వెళ్ళిపోయింది. సుహానా కదిరమ్మ వైపు వంగింది.

"అక్కా, ఆయమ్మ షెడ్డులోకి వస్తాదా?"

"యాడొస్తాది. ఆ కంప్యూటర్ల రూంలో ఏసీ ఏసుకుని కూర్చుంటాది."

సుహానా పరుగున పోయి పావనికి చెప్పింది. పావని మొదట ఈసడించుకుంది. దోమ కుట్టలేదని మనిషిని పట్టుకుంటారా అంది. అంటూనే ఆగిపోయింది. పురుగుల సైంటిస్టుకి అంతకన్నా వివరం అక్కర్లేదు.

"ఒక్కటి కూడా కుట్టలేదా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా కంప్యూటర్ రూం వైపు నడిచింది.

మందపాటి అద్దం వెనక నైనా కూర్చుని ఉంది. టేబుల్ మీద ఆమె ఫోను, ఎదురుగా స్క్రీను. ధర్మవరం నుంచి ముఠా పంపిస్తున్న ప్రోగ్రాం ఆ ఫోను గుండా కంప్యూటర్‌లోకి దిగాలి. అది పూర్తయిన క్షణం దానంతటదే ఊరూరా ఉన్న కన్నులన్నిటికీ వెళ్ళిపోతుంది. కానీ ఆమె గాజుతో తిరిగొచ్చినప్పటి నుంచి స్క్రీను మీద లోడింగ్ బార్ తొంభై ఒకటి శాతం దగ్గర బిగుసుకుపోయింది. నైనా ఫోను కొట్టింది, తిప్పింది, చివరికి మణికట్టు వైపు చూసింది. గాజు లాగింది. రాలేదు. టేబుల్‌కేసి కొట్టింది. ఎర్ర పూత రాలి స్టీలు బయటపడింది.

తెలివైనదే. ఫోను అక్కడే వదిలి బయటికొచ్చి, నంబర్ లాక్ ఉన్న స్టీలు తలుపు వెనక్కి లాగేసింది. బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసి మూత తిప్పింది. సుహానా బుట్ట అడ్డం పెట్టింది. లిప్‌స్టిక్‌లోంచి ఎగిరొచ్చిన సూది, లక్ష్మీకాంత్‌ని చంపినదానికి అన్నలాంటిది, బుట్ట అల్లికలో దిగింది. ఈలోగా నైనా వ్యాన్ల వైపు పరుగు తీసింది. ఆమె ఇరవై అడుగులు దాటగానే అద్దం వెనక బార్ కదిలింది. తొంభై మూడు. తొంభై నాలుగు.

"గునపం తే కదిరమ్మా," అంది పావని.

సుహానా వెంటపడింది. వ్యాన్ తలుపు దగ్గర ఆ మణికట్టే దొరకబుచ్చుకుంది. నైనా మోకాలితో పొట్టలో పొడిచింది, గోళ్ళతో గీరింది. క్రీము రాసిన చెయ్యి జారిపోతుంటే సుహానా గాజులోకి వేళ్ళు దూర్చి, కాళ్ళు నేలకు తన్ని, ఎద్దుని కాడికి లాక్కొచ్చినట్టు వెనక్కి లాగింది. వేళ్ళు తెగి నెత్తురు కారింది. పిచ్చిదానా, పురుగుల కోసం చస్తావా అని నైనా అరిచింది.

"పురుగులు కాదు. కూడు. ఇంటింటి కూడు."

తొంభై ఏడు. తొంభై ఎనిమిది. పావని గునపం ఎత్తి కొట్టింది. అద్దం బీటలిచ్చింది కానీ పగల్లేదు. మళ్ళీ కొట్టింది. సుహానా చివరి అడుగు లాగి నైనా చేతిని అద్దానికి అదిమి పట్టింది. బార్ తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. మూడో దెబ్బకి అద్దం కూలింది. పావని లోపలికి దూకి కేబుళ్ళన్నీ పెరికి, ఫోను తెచ్చి సుహానా కాళ్ళ దగ్గర పడేసింది.

పెట్టెలన్నీ దింపించింది పావని. ఆడవాళ్ళు కన్నులు తెచ్చి వరసగా కూర్చున్నారు. పచ్చ, పచ్చ, పచ్చ, ఉన్నట్టుండి ఎరుపు. ఎరుపొచ్చిన పెట్టెల్ని తోట బయటికి తీసుకుపోయి కాల్చేశారు. కదిరమ్మ ఆ మంట వైపు ఉమ్మింది. మిగతా వ్యాన్లు కొత్తచెరువు వైపు, హిందూపురం వైపు కదిలాయి. వాటిని చూస్తూ పావని కళ్ళు తుడుచుకుంది. సుహానా చూసిందని తెలియగానే ముఖం గంటు పెట్టుకుంది.

"కాళ్ళు కడక్కుండా షెడ్డు ముందర పరిగెత్తినావు. ఆ వరండా అంతా మళ్ళా బ్లీచింగ్‌తో కడిగించల్ల," అంది. సుహానా చెయ్యి పట్టుకుని రాత్రి దోమకాట్లు తిప్పి చూసింది. "నాలుగు కాట్లకే మా మనిషివైపోవు. మళ్ళా రా. ఇంకా కుట్టించుకో. అప్పుడు ఆలోచిస్తా."

సాయంత్రం ధర్మవరంలో ఒక నూలు గోడౌన్‌లో ముఠా మనిషి రోలాండ్ పట్టు వ్యాపారులని పిలిపించి కూర్చోబెట్టాడు. నైనా ఫోను నుంచి సందేశం వచ్చింది. 'కన్ను మూసుకుంది.' అతను లేచి, ఈసారి ఇక్కడ పంట ఉండదని తనకు సమాచారముందని, నూలు కావాలంటే తన దగ్గరే కొనాలని మొదలుపెట్టాడు. వెనక గాజుల బుట్టతో, చేతిలో నైనా ఫోనుతో ఒకామె లోపలికొచ్చింది. ఆమె వెనకే పోలీసులు.

"చెయ్యివ్వండి సార్, మీ సైజు కూడా ఉండాది," అంది సుహానా. బుట్టలోంచి తీసినవి ఈసారి జతగా వచ్చాయి, మధ్యలో గొలుసుతో.

చీఫ్ ఫోన్ చేశాడు. నైనా గురించి రెండు ముక్కలు గొణిగాడు. జైల్లో ఆమె చేతి గాజు ఊడిరావట్లేదని, తాళంచెవి పంపమని అన్నాడు. ఆ డిజైన్ ఇంకో వంద చేయించాలని పైవాళ్ళు అంటున్నారని, నవ్వినవాళ్ళే సంతకం పెట్టారని కూడా చెప్పాడు. ఆఖర్న, డాక్టర్ పావని థాంక్స్ చెప్పిందా అని అడిగాడు.

సుహానా మోచెయ్యి గోక్కుంది.

"చెప్పింది సార్. కాకపోతే దోమల చేత చెప్పించింది."