పదకొండు నిమిషాలకోసారి

రంగు స్ప్రే కొట్టే కంప్రెసర్ బిగించి గంట కూడా కాలేదు, గోడ అవతల నుంచి ఎవరో దబదబా బాదడం మొదలుపెట్టారు.

నేను పట్టించుకోలేదు. మూడేళ్ళు ఫ్యాక్టరీలో చాకిరీ చేసి కొనుక్కున్న యంత్రమది. మా ఊరు బకోర్‌లో, మా ఇంటి గ్యారేజీలో, గోడకి ఆనించి, నా చేతులతో నేనే బిగించుకున్నాను. ఊరి జాతర ఫియెస్టాలోగా, బైకుకి పక్కతొట్టి తగిలించి కిరాయికి తిప్పే ట్రైసికిల్ సంఘం వాళ్ళకి పన్నెండు సైడ్‌కార్లకు రంగు వేసిస్తానని మాటిచ్చాను. అది నిలబెట్టుకుంటే ఇక సొంత షాపే.

నాలుగు రోజులు ఆ బాదుడు సాగుతూనే ఉంది. ఐదో రోజు మా పేట తగువులు తీర్చే బరంగాయ్ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది.

అక్కడ ఒకమ్మాయి కూర్చుని ఉంది. కళ్ళ కింద నల్లటి చారలు, మెడలో కాల్ సెంటర్ కార్డు. పక్కింట్లో కొత్తగా దిగిన అర్లిన్.

"రాత్రంతా అమెరికా వాళ్ళ చేత తిట్లు తింటాను కెప్టెన్ గారూ. పొద్దున ఎనిమిదింటికి పడుకుంటాను. ఇలా కళ్ళు మూస్తానో లేదో, అలా ఈయన మోటారు మొదలు! నిన్న ఫోన్ మధ్యలో గుర్రు పెట్టాను. కస్టమర్ విన్నాడు!"

నాకు నవ్వొచ్చింది. అదే నేను చేసిన తప్పు.

"చూడండి, నవ్వుతున్నాడు!"

బరంగాయ్‌కి పెద్ద అయిన కెప్టెన్ లూర్దెస్ మా అమ్మకి చిన్ననాటి స్నేహితురాలు. అయినా నన్నే ఉరిమి చూసింది.

"ఒరే రోడెల్, ఎనిమిది నుంచి రెండు దాకా పని బంద్. పదిహేను రోజుల తర్వాత ఇద్దరూ మళ్ళీ రండి. అప్పటికీ ఈ పిల్లకి నిద్ర లేదంటే ఆ మిషను గ్యారేజీలోంచి తీసెయ్యాల్సిందే. పెట్టండి సంతకాలు."

పళ్ళు కొరుక్కుంటూ పెట్టాను.

మూడో రోజు పదకొండింటికి మా గేటు ధనామని తెరుచుకుంది. పైజమాలో అర్లిన్, చేతిలో చిన్న పుస్తకం.

"సంతకం పెట్టినవాడివి, సిగ్గు లేదూ?"

"నేను ముట్టుకుంటే ఒట్టు! చూడు, అన్నం తింటున్నాను!"

"మరి మోగుతోందేం?"

"స్విచ్ వేసి ఉంచానంతే. టాంకు నిండి ఉంటే రెండింటికి పని..."

సరిగ్గా అప్పుడే ఆ పాడు యంత్రం డబడబమంటూ మొదలెట్టింది. నా ఖర్మ!

అర్లిన్ పుస్తకం తెరిచింది. "ఎనిమిదీ నాలుగు. ఎనిమిదీ పదిహేను. ఎనిమిదీ ఇరవయ్యారు. పదకొండు నిమిషాలకోసారి. నిద్ర పట్టక రాసుకున్నాను. వాడకపోయినా మోగుతోందంటే గాలి ఎక్కడో లీకవుతోంది. సబ్బు నీళ్ళు తే."

"ఏంటీ?"

"సబ్బు నీళ్ళు! మా నాన్న సౌదీలో పదిహేడేళ్ళు పైపులు బిగించాడు. సెలవుకొస్తే నాతో ఆడిన ఆటలు ఇవే."

నేను లేచేలోపే మా అమ్మ గిన్నె నిండా తెచ్చిచ్చింది. అర్లిన్ నా కొత్త బ్రష్షు లాక్కుని అందులో ముంచింది. ఒళ్ళు మండిపోయింది. మూడో జాయింటు దగ్గర బుడగలు గుప్పున పొంగాయి.

"ఈ టేపు చుట్టిందెవరు?"

"నేనే."

"ఎడం చేతి వాటమా?"

"అయితే ఏంటట?"

"అందుకే ఉల్టా చుట్టావు. బిగించే కొద్దీ ఊడిపోతుంది. ముందు గాలంతా వదులు. ఇప్పుడు చెయ్యి ఇటివ్వు."

నా మణికట్టు పట్టుకుని చుట్టించింది. సబ్బుకి ఆమె వేళ్ళు జారుతున్నాయి. మూడు చుట్లు చాలట. నేను ఆరు చుట్టాను.

"చాలు!" అని కసిరింది, చెయ్యి మాత్రం వెంటనే వదల్లేదు. "దీన్ని మా గోడకి దూరంగా ఆ వైపుకి జరుపు. కాళ్ళ కింద పాత టైరు ముక్కలు వెయ్యి." ఆవలిస్తూ వెళ్ళిపోయింది. థాంక్స్ చెప్పే సందు కూడా ఇవ్వలేదు.

ఆ రోజు నుంచి రెండింటికి లేచి గోడ మీద రెండు సార్లు తట్టేది. అప్పుడే నేను స్విచ్ వేసేవాణ్ణి. ఆ తట్టు కోసం ఒంటిగంట నుంచే గోడకేసి చూస్తూ కూర్చునేవాణ్ణి. "ఆ గోడక్కూడా రంగేస్తావా ఏంట్రా?" అని అమ్మ ఎగతాళి.

వాన పడితే తడికి రంగు బొబ్బలెక్కుతుంది కాబట్టి పని ఆపేసేవాణ్ణి. అప్పుడు అర్లిన్ పాండెసాల్ బన్నుల పొట్లంతో గ్యారేజీలోకి వచ్చేది. "ఆకుపచ్చ పక్కన ఊదారంగా? కళ్ళు గానీ పోయాయా?" అని పోట్లాడేది. ఆ వారం వానలు ఎక్కువే పడ్డాయి. పని వెనకబడుతోందని నాకు బాధ ఉండాలి. లేదు.

పదిహేనో రోజుకి ఇంకా రెండు సైడ్‌కార్లు మిగిలే ఉన్నాయి. ఆఫీసుకి వెళ్ళాం.

"నిద్ర పడుతోందా అమ్మాయ్?" అని అడిగింది కెప్టెన్.

"లేదండీ."

షాపు పోయింది, పరువు పోయింది, అన్నిటికన్నా ఈ పిల్ల ఇంత మోసం చేసింది!

"ఏంటి లేదు? పిల్లిలా తిరుగుతున్నాను! రోజూ స్విచ్ తీసే ఉంచుతున్నాను!"

"మోటారు వల్ల కాదండీ," అర్లిన్ తల వంచుకుంది. "రెండెప్పుడవుతుందా అని పన్నెండింటికే మెలకువ వచ్చేస్తోంది."

కెప్టెన్ పెన్ను కింద పెట్టింది. "ఇప్పుడు నన్ను మిషను తీయించమంటావా, గోడ తీయించమంటావా?"

"నాదీ ఒక ఫిర్యాదు ఉందండీ," అన్నాను. "ఈవిడ తట్టకపోతే నాకు చెయ్యి ఆడట్లేదు. ఈ పిల్లంటే నాకు ఇష్టం. రాసుకోండి."

"అది చెప్పడానికి ఆఫీసు దాకా రావాలా? గోడ అవతలే ఉన్నాగా!" అని విసుక్కుంది అర్లిన్. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి.

"ఫిర్యాదు వాపసు. సంతకాలు పెట్టి బయటికి నడవండి," అంది కెప్టెన్, ఫోన్ అందుకుంటూ. "మీ అమ్మకి నేనే చెప్తాను."

మర్నాడు మిట్టమధ్యాహ్నం గోడ మీద రెండు తట్లు.

"ఇంకా పన్నెండే! పడుకో!" అని అరిచాను.

"నిద్ర రావట్లేదు! మోటారు వెయ్యి!"

"దాన్ని ఆపమనేగా నన్ను కేసు దాకా లాగావు!"

"అప్పుడు నువ్వెవరో తెలీదు. ఇప్పుడు నువ్వక్కడున్నావని తెలిస్తే పడుకుంటాను. వెయ్యి!"

ఈ అమ్మాయితో వేగడం నా వల్ల కాదు. స్విచ్ వేశాను.

పదకొండు నిమిషాలు తిరక్కుండానే గోడ అవతల నుంచి గుర్రు వినిపించింది.