నడవలో నిలబడినవారు

కుర్చీలు మూడోసారి కదిలినప్పుడు విమానంలో ఎవరూ తలెత్తి చూడలేదు. టీ తాగుతున్నవాళ్లు కప్పు ఒలకకుండా కాస్త పైకి లేపి పట్టుకున్నారంతే. పుస్తకం చదువుతున్న ఒకావిడ పేజీలో వేలుంచి మూసి, కుర్చీ ఆగాక మళ్లీ తెరిచింది. పదకొండో వరసలో కబుర్లలో పడ్డ ఇద్దరు మాట మధ్యలోనే విడిపోయి, ఒకరు ముందుకూ ఒకరు వెనక్కీ జారిపోయారు. చెయ్యి కూడా ఊపుకోలేదు. పక్కకు కొత్త మనిషి వస్తే పలకరించే అలవాటు జనానికి పోయి చాలా ఏళ్లయింది.

నూకరత్నం మాత్రం భర్త చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. వాళ్ల కుర్చీలు రెండూ జంటగా జారి పద్నాలుగో వరసలో ఆగాయి. ఆగాక ఆమె అతని అరచేతిలో వేలితో గబగబా ఏదో రాసి, రెండుసార్లు తట్టింది. అప్పలస్వామి తల ఊపి నవ్వాడు.

"మొదటిసారా అమ్మా?" అని అడిగాడు అటు పక్కకు వచ్చి చేరిన పెద్దాయన.

"కుర్చీలు నడిసే ఇమానం మొదటిసారేనండి."

ఆయన పేరు త్రిమూర్తులు. విమానయాన శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఈ కదిలే కుర్చీల కోసం చరాసనాల చట్టం తయారుచేసిన సంఘంలో ఆయన కూడా ఉన్నాడు. ఎవరైనా అడిగితే చాలు, సంబరంగా చెబుతాడు. ఆమె అడగకపోయినా చెప్పాడు.

నేలలోని సన్నని పట్టాల మీద ఉండే ఈ కుర్చీల్లో ఏది ఎప్పుడు ఎక్కడుండాలో 'సమతూలి' అనే యంత్రబుద్ధి నిర్ణయిస్తుంది. గాలివాటం మారితే మనుషులను ముందుకూ వెనక్కీ సర్ది, విమానం తూకం సరిచేస్తుంది. దానివల్ల ఇంధనంలో ఏడో వంతు మిగులుతుంది. గురకపెట్టేవాణ్ణి నిద్రపట్టనివాడికి దూరం చేస్తుంది. చంటిపిల్లల తల్లులను ఒక దగ్గరకు చేరుస్తుంది. ప్రతివాళ్లకూ పదిహేను నిమిషాలు కిటికీ వంతు వస్తుంది.

"మా చిన్నప్పుడు కిటికీ పక్కన కూర్చోవాలంటే అదనంగా కట్టాలి," అన్నాడు త్రిమూర్తులు. "మా అమ్మకి మోకాళ్లు వంగేవి కావు. ఎప్పుడెక్కినా మధ్య సీటే వచ్చేది. ఇటొకడు, అటొకడు. మూడు గంటలు కాళ్లు కదపకుండా కూర్చుని, దిగేటప్పుడు ఏడ్చేది. ఆ ఏడుపు చూశాను గనకే ఈ పనికి పూనుకున్నాను. ఇప్పుడు ఎక్కువ తక్కువలు లేవు. ఎవరూ ఎవర్నీ బతిమాలుకోవక్కర్లేదు."

నూకరత్నం ఆ మాటలు విని, భర్త చేతిలో కొంత రాసింది. అతను గట్టిగా, విమానంలో సగం మందికి వినబడేలా, "మంచి పనే సేసినారు బాబూ!" అన్నాడు.

త్రిమూర్తులు ఉలిక్కిపడ్డాడు. అప్పుడు చెప్పింది ఆమె. అప్పలస్వామి ఓడల మరమ్మతు యార్డులో వెల్డరు. ఆరేళ్ల క్రితం ఒక ఓడ ట్యాంకులో పని చేస్తుండగా మిగిలిపోయిన గ్యాస్ అంటుకుంది. ప్రాణం దక్కింది గాని చూపూ పోయింది, వినికిడీ పోయింది. ఏడాది పాటు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఒకరోజు నూకరత్నం అతని అరచేతిలో 'అన్నం' అని రాసింది. మర్నాడు 'వాన' అని రాసింది. నెమ్మదిగా అక్షరాలు పోయి గుర్తులు వచ్చాయి. తట్టు, గీత, గిచ్చు, నిమురు. ఇద్దరూ కలిసి నాలుగు వందల గుర్తులు కట్టారు. దానికి 'చేతిమాట' అని పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు చూపూ వినికిడీ రెండూ కోల్పోయినవాళ్ల శిక్షణ కేంద్రం ఒకటి అతన్ని డెహ్రాడూన్ పిలిచింది.

"నేర్సుకోడానికి కాదండి," అంది నూకరత్నం, మెడ నిటారుగా పెట్టి. "నేర్పడానికి. నెల రోజులు పంతులు ఈయన."

"మరి మిమ్మల్ని విడదీస్తే?"

"జంటముడి ఇచ్చినారు కదండీ. కాగితం ఉంది."

జంటముడి అంటే రెండు కుర్చీలను విడదీయవద్దని సమతూలికి ఇచ్చే ఆదేశం. దానికోసం ఆమె నాలుగు నెలలు తిరిగింది.

పదకొండూ ఇరవైకి ఆ ఆదేశం రద్దయింది. కుర్చీ చేతి మీది పలక వెలిగింది. ఎదురుగాలి పెరిగినందువల్ల జంటముళ్లన్నీ తాత్కాలికంగా సడలించామనీ, అప్పలస్వామి మూడో వరసకు, నూకరత్నం ఇరవై ఏడో వరసకు మారుతున్నారనీ అందులో ఉంది.

ఆమె చెయ్యెత్తి విమాన సేవికను పిలిచింది. కృపావతి అనే ఆ అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. పలక చదివి, కాగితం చదివి, ఇబ్బందిగా నిలబడింది.

"కుర్చీలతో మాకు సంబంధం ఉండదండీ. అదంతా సమతూలే. సార్ కుర్చీకి స్పర్శపలక ఉంది, ఏ సమాచారమైనా ఆయన చేతికి తెలుస్తుంది."

"ఏటి తెలుస్తాది?"

"భోజనం వస్తే ఒక వణుకు. బెల్టు పెట్టుకోవాలంటే రెండు. దిగేటప్పుడు మూడు."

"మూడు వణుకులు," అంది నూకరత్నం. "నాను నాలుగొందల మాటలు సెప్తాను తల్లీ. నీ కుర్చీ మూడు సెప్తాదా?"

గంట మోగడంతో కృపావతి నడవలోంచి పక్కనున్న సిబ్బంది గూటిలోకి తప్పుకుంది. బెల్టులు బిగుసుకున్నాయి. కుర్చీలు కదిలేటప్పుడు బెల్టు విడదు. నూకరత్నం భర్త చేతిలో 'వస్తాను' అనే గుర్తు పెట్టబోయింది. సగం గుర్తులోనే అతని చెయ్యి ఆమె చేతిలోంచి జారిపోయింది. అతని కుర్చీ నడవలోకి తిరిగి ముందుకు సాగింది. ఆమె కుర్చీ వెనక్కి సాగింది.

అప్పలస్వామి చెయ్యి గాలిలో అటూ ఇటూ వెతికింది. "రత్నం?" అన్నాడు. మళ్లీ, "ఒలే రత్నం!"

చెవిటివాడి గొంతుకు హద్దు తెలియదు. ఆ కేక విమానం పొడుగునా వినబడింది.

సమతూలి తన పద్ధతి ప్రకారం స్పందించింది. మూడో వరసలో ఒక ప్రయాణికుడి నాడి వేగం పెరిగిందని గమనించి అతని తల మీది దీపాన్ని మసకగా చేసింది. అతనికి కనబడలేదు. మెత్తని సంగీతం పెట్టింది. అతనికి వినబడలేదు. నాడి ఇంకా తగ్గకపోవడంతో కుర్చీ తలగడలోంచి శాంతిసుగంధం వదిలింది.

ఆ వాసన మాత్రం అతన్ని చేరింది. తియ్యగా, ఘాటుగా, ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకుండా ముక్కును తాకింది. ఆరేళ్ల క్రితం ట్యాంకులో అతను చివరిసారి చూసింది నీలిమంటను. దానికి ముందు తెలిసింది ఒక్క వాసనే.

"గ్యాస్!" అని అరిచాడు. "గ్యాస్ లీకయింది! మంట ఆపండి! అందరూ బయటికి పొండి!"

బెల్టును ఊడబెరకాలని చూశాడు. అతను ఉద్రేకంగా ఉన్నాడని తేల్చుకున్న సమతూలి బెల్టును ఇంకాస్త బిగించి, సుగంధాన్ని ఇంకాస్త పెంచింది.

ఇరవై ఏడో వరసలో కుర్చీ ఆగి బెల్టు వదులయిన క్షణంలో నూకరత్నం లేచింది. 'నడవలో నిలబడరాదు. దయచేసి కూర్చోండి' అని పై నుంచి గొంతు వినిపించింది. ఆమె నడవసాగింది. అనుమతి లేకుండా నడవలోకి వచ్చినవారు మూడేళ్లపాటు విమానం ఎక్కరాదనే నిబంధనను కూడా ఆ గొంతు చదివింది. ఆమె ఆగలేదు. రెండు వైపులా మనుషులు ఆమెను చూస్తున్నారు. ఈ విమానాల్లో నిలబడిన మనిషిని చూసి వాళ్లకు ఎన్నేళ్లయిందో.

మూడో వరసలో అప్పలస్వామి పక్కన, తన కుర్చీ కూడా జరిగి కిటికీ వంతుకు చేరినవాడు త్రిమూర్తులు. ఆయన అతని భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పాలని చూస్తున్నాడు. ఆ చెయ్యి ఎవరిదో తెలియక అప్పలస్వామి విదిలించి కొడుతున్నాడు.

"బాబూ, మీరు లెగిసి నాకీ సీటు ఇస్తారా?" అని అడిగింది నూకరత్నం.

త్రిమూర్తులు పై నుంచి వస్తున్న ఆ గొంతువైపు ఒకసారి చూశాడు. సీట్లు మార్చుకోవడం నేరమని రాసిన చేతుల్లో ఒకటి ఆయనది.

"నన్ను ఎవరైనా సీటు అడిగి ముప్ఫై ఏళ్లయిందమ్మా," అన్నాడు.

"ఇప్పుడు నానడుగుతున్నాను."

ఆయన బెల్టు తీశాడు. మోకాళ్ల మీద చేతులూని లేచి, అప్పలస్వామి కాళ్లు తొక్కకుండా పక్కగా జరిగి నడవలోకి వచ్చాడు. నూకరత్నం ఆ కుర్చీలో కూర్చుని భర్త చేతిని అందుకుంది. కొడుతున్న చెయ్యి ఆగిపోయింది. ఆమె రాసింది: నేను. గ్యాస్ కాదు. అత్తరు. ఈ బుద్ధిలేని కుర్చీ కొట్టింది.

అతను ఊపిరి వదిలాడు. ఒళ్లంతా చెమట. కాసేపటికి, "అత్తరేటి రత్నం, పెళ్లికెళ్తన్నామా?" అన్నాడు, ఆ గొంతుతోనే. వెనక వరసల్లో ఎవరో నవ్వారు. ఎవరో ముక్కు చీదారు.

సమతూలికి మాత్రం ఇది నచ్చలేదు. తూకం తప్పిందనీ, అయిదు నిమిషాల్లో మూడో వరసను సరిచేస్తాననీ ప్రకటించింది. అందరూ కూర్చోవాలని కోరింది. నడవలో మనిషి గాని బండి గాని అడ్డుంటే కుర్చీలు కదలవు, అది దాని మొదటి నియమం.

ఆ నియమం రాసినప్పుడు కూడా త్రిమూర్తులు అక్కడే ఉన్నాడు. ఆయన నడవలో నిలబడి జనంవైపు తిరిగాడు.

"నేను కూర్చోను. నేను నిలబడి ఉన్నంతసేపూ ఇవి కదలలేవు. కాని నాకు డెబ్బై రెండేళ్లు. గంటసేపు నిలబడలేను. నా తర్వాత ఎవరైనా నిలబడతారా?"

అదేదో వినకూడని మాటైనట్టు కొందరు కిటికీలవైపు చూశారు. కృపావతి భోజనాల బండిని తోసుకుంటూ వచ్చి ఆయన పక్కన ఆపింది. చక్రాల బిగింపు కాలితో నొక్కింది.

"నా బండి ఇరుక్కుపోయింది," అంది ఎవరితోనూ కాకుండా.

అప్పుడు తొమ్మిదో వరసలో ఒక నిండు చూలాలు బెల్టు తీసి లేచి నిలబడింది. ఆమెను చూసి పక్కనున్నవాడు సిగ్గుపడి, "మీరు కూర్చోండి, నేను నిలబడతాను," అన్నాడు. అలా మొదలైంది. పది నిమిషాలు ఒక ఆరేడుగురు, ఆ తర్వాత ఇంకో ఆరేడుగురు. నిలబడ్డవాళ్లు ఊరికే నిలబడలేక పక్కవాళ్లతో మాట కలిపారు. ఎక్కడికి వెళ్తున్నారు, ఎందుకు వెళ్తున్నారు, అతనికి ఎలా ఉంది. ఒకావిడ వచ్చి, చేతిమాటలో 'నమస్కారం' ఎలాగో అడిగి నేర్చుకుని, అప్పలస్వామి అరచేతిలో పెట్టి వెళ్లింది. ఆమె వెనక నలుగురు వరసకట్టారు.

మధ్యలో ఒకసారి పైలట్ గొంతు వినిపించింది. ఇంధనం సరిపడా ఉందనీ, ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా దిగుతామనీ చెప్పాడు. "కూర్చోమని నేను చెప్పాలి. చెప్పాను," అని ముగించాడు.

డెహ్రాడూన్‌లో దిగాక నడవలో నిలబడ్డవాళ్లందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టారు. విచారణకు వచ్చిన అధికారి పేరు నేగీ. అతను హిందీలో మాట్లాడితే చొక్కాకు తగిలించుకున్న దుబాసీబిళ్ల తెలుగులో, వీళ్లు తెలుగులో మాట్లాడితే హిందీలో చెబుతోంది. నలభై మంది పేర్ల పట్టిక బల్ల మీద పెట్టాడు. అజ్ఞానంవల్ల నియమం ఉల్లంఘించామని సంతకం చేస్తే హెచ్చరికతో వదిలేస్తామన్నాడు. చేయకపోతే మూడేళ్ల నిషేధం.

పట్టికలో మొదటి పేరు నూకరత్నానిది. ఆమె కలం ముట్టుకోలేదు.

"అసలేటి జరిగిందని రాసినారండీ ఇందులో?"

నేగీ చదివాడు. పదకొండూ ముప్ఫై ఒకటికి ప్రయాణికుడు అప్పలస్వామి ఆందోళనకు గురయ్యాడు. శాంతిసుగంధం అందించబడినది. పదకొండూ నలభై రెండుకు నాడి సాధారణ స్థితికి వచ్చినది. చికిత్స సఫలం. ఇకపై ఇటువంటి ప్రయాణికులందరికీ సుగంధం మోతాదు పెంచాలని సిఫారసు.

నూకరత్నం ముఖం ఎర్రబడింది. "పదకొండూ నలభై రెండుకి నాను సెయ్యి పట్టుకున్నాను!"

"దానికి పట్టికలో గడి లేదమ్మా," అంది దుబాసీబిళ్ల.

"గడి లేకపోతే గీయండి. నాకేటీ తెలీక లెగలేదు, తెలిసే లెగిసినాను. అజ్ఞానమని సంతకం పెట్టను."

త్రిమూర్తులు తన పేరు దగ్గర 'తెలిసే చేశాను' అని రాసి కలం పక్కకు అందించాడు. తర్వాతివాళ్లూ అదే మాట రాశారు. కృపావతి తన పేరు దగ్గర కాసేపు ఆగింది. నిషేధమంటే ఆమెకు ఉద్యోగమే పోవడం. 'బండి ఇరుక్కోలేదు' అని రాసింది.

జరుగుతున్నదంతా నూకరత్నం భర్త చేతిలో రాస్తూనే ఉంది. అతను ఓపిగ్గా విని, అడిగాడు.

"నా పేరు ఎన్నోది?"

ఆమె పట్టిక చూసింది. అతని పేరు లేదు. సమతూలి లెక్కలో అతను నయమైన మనిషి, తప్పు చేసినవాడు కాదు. ఆ సంగతే రాసింది.

అప్పలస్వామి లేచి నిలబడ్డాడు. గోడలు అదిరేలా అన్నాడు.

"నాను బెల్టు పీకనేదా? కేకలెయ్యనేదా? ఆ వాసనకి సల్లబడ్డానని రాసుకుంటారా? రేపు నానాటోడు ఇంకోడు ఎక్కితే ఆడి మొకాన ఇంకా ఎక్కువ కొడతారు. నా పేరు రాయండి. అందరికీ ఏసింది నాకూ ఎయ్యండి."

ఆ యాసకు ఆ కేక కూడా తోడయ్యేసరికి అందక దుబాసీబిళ్ల రెండుసార్లు గరగరలాడి ఊరుకుంది. నేగీ మిగతావాళ్లవైపు చూశాడు. ఎవరూ అనువదించలేదు. అవసరం కూడా లేకపోయింది. ఆ గుడ్డి మనిషి చెయ్యి చాపి కలం కోసం అడుగుతున్నాడు.

నేగీ బిళ్లను తీసి బల్ల మీద పెట్టాడు. పట్టిక చివర నలభై ఒకటి అని తనే రాసి, కలాన్ని అప్పలస్వామి వేళ్ల మధ్య పెట్టి, కాగితం మీద ఎక్కడ రాయాలో అతని చెయ్యి పట్టుకుని చూపించాడు.