నదులు దాటని దారి

సోల్వెయిగ్‌కు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. తన కూతుర్ని నీళ్ళు తీసుకుపోతాయని. చీకటంటే ఆమెకు భయం లేదు. భర్త ఓర్వర్ వారాల తరబడి చేపల ఓడ మీద ఉండిపోతే, గాలికి ఇంటి రేకులు దడదడలాడుతున్నా ఒంటరిగా పడుకోగలదు. నీళ్ళ మాట వస్తే మాత్రం పిల్లని దగ్గరికి లాక్కుంటుంది.

ఆ చలి దీవిలో పసిపిల్లల్ని పగలు ఆరుబయటే పడుకోబెడతారు. ఆ ఉదయం రెండేళ్ళ ఎంబ్లా ఎప్పటిలాగే ఇంటి బయట, వంటింటి కిటికీ కింద, తోపుడు బండిలో ఉన్ని దుప్పట్ల మధ్య నిద్రపోతోంది. ముక్కు కొస తప్ప ఏమీ కనబడటం లేదు. సోల్వెయిగ్ గిన్నెలు కడుగుతూ, అద్దం మీద ఆవిరి తుడిచి తుడిచి చూస్తోంది.

లోపల బల్ల మీద మామగారు స్టేనార్ కాఫీ కప్పులన్నీ పరిచేశాడు. అవి ఇప్పుడు కప్పులు కావు, ఊళ్ళు. ఓడ దిగి ఇంటికొచ్చిన కొడుకుతో కలిసి ఈ వేసవిలో మనవరాలికి దేశం చూపించాలని ఆయన పట్టు.

"ఇది స్కోగార్ జలపాతం," అంటూ పాల గిన్నెను జరిపాడు. "ఇది నల్ల ఇసుక తీరం. ఈ చక్కెర డబ్బా మంచుగడ్డలు తేలే సరస్సు. అక్కణ్ణించి వెనక్కి తిరిగి, ఇదిగో, ఈ కప్పు, కొండల లోపలికి. వేడినీటి ఊటల్లో పిల్లని ముంచి లేపుతాను!"

"ఆ తీరం కప్పులో ఇంకా కాఫీ ఉంది నాన్నా. తీరం మొత్తం తాగేస్తా," అని ఓర్వర్ నవ్వాడు.

సోల్వెయిగ్ చేతులు తుడుచుకుంది. "అఫీ, లోపలికి పోయే దారిలో నదుల మీద వంతెనలు లేవు కదా."

అఫీ అంటే తాత. ఎంబ్లా పుట్టినప్పటి నుంచి ఆయన్ని ఇంట్లో అందరూ అలాగే పిలుస్తున్నారు.

"వంతెనలెందుకమ్మా? నేనున్నానుగా. జీవితమంతా ఆ నదుల్లోంచే బస్సు తోలాను."

"రోడ్డు పక్కనున్నవి చూసొద్దాం. లోపలికి వద్దు."

"మొదలెట్టింది," అన్నాడు ఓర్వర్. "నాన్నా, ఈవిడకి వంటింట్లో కుళాయి కారినా నిద్ర పట్టదు. సోల్వెయిగ్, ఆయన కొండల్లో చిక్కుకున్నవాళ్ళని మోసుకొచ్చిన మనిషి. నువ్వు ఆయనకి నది గురించి చెప్తావా?"

ఆమె మొహం ఎర్రబడింది. బడి మధ్యలో మానేసి చేపల కర్మాగారంలో పనికి చేరిన మనిషి. గట్టిగా వాదించాల్సి వచ్చినప్పుడల్లా ఆ సంగతి ముందు గుర్తొచ్చి వెనక్కి తగ్గుతుంది.

కానీ ఓర్వర్‌కు తెలియని విషయం ఒకటి ఆమె దాచుకుని ఉంది. ఓర్వర్ సముద్రం మీద ఉన్నప్పుడు ఒక రోజు అఫీ ఎంబ్లాను ఊరి ఈత కొలనుకు తీసుకెళ్ళాడు. తడి జుట్టుతో, భుజాన తువ్వాలుతో, ఈల వేసుకుంటూ తిరిగొచ్చాడు. ఒక్కడే. "పిల్లేదీ?" అని ఆమె అడిగితే, "ఏ పిల్ల?" అన్నాడు. సోల్వెయిగ్ చెప్పులు కూడా లేకుండా పరిగెత్తింది. ఎంబ్లా టిక్కెట్ల గదిలో, అక్కడ పనిచేసే అమ్మాయి ఒళ్ళో కూర్చుని రొట్టె తింటోంది. పిల్లతో ఇంటికొచ్చేసరికి ముసలాయన గుమ్మంలో నిలబడి ఏడుస్తున్నాడు. "వాడికి చెప్పకు తల్లీ," అన్నాడు. ఆమె చెప్పలేదు.

"నేను రాను," అంది ఇప్పుడు. "పిల్లనీ పంపను."

"కారణం చెప్పు."

"చెప్పలేను."

"చెప్పలేవా? ఇన్నాళ్ళ తర్వాత ఇంటికొస్తే నాకు దొరికే ముచ్చట ఇదొక్కటే. దీన్నీ నీ భయంతో పాడుచెయ్యి. పిల్లని ఎల్లకాలం ఆ బండిలోనే పడుకోబెట్టుకో!"

సోల్వెయిగ్ కళ్ళు నిండాయి. మామగారి వంక చూడకూడదనుకుంది. చూసింది.

స్టేనార్ చెయ్యి చక్కెర డబ్బా మీదే ఆగిపోయి ఉంది.

"ఆ అమ్మాయిని అనకురా," అన్నాడు మెల్లగా. "ఆ మాట చెప్పాల్సింది నేను."

చెప్పాడు. ఈత కొలను, తువ్వాలు, "ఏ పిల్ల" అన్న తన మాట, ఏదీ దాచలేదు. ఓర్వర్ నవ్వబోయి, తండ్రి మొహం చూసి ఆగిపోయాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఓడ మీదున్నవాడివి, వలలు వదిలేసి ఈదుకుంటూ వస్తావా? ఆయన ఏడ్చారు ఓర్వర్. నా ముందు, ఈ గుమ్మంలో ఏడ్చారు. నేను ఎలా చెప్పను?"

ఓర్వర్ తలుపు తోసుకుని బయటికి వెళ్ళాడు. కిటికీలోంచి కనబడుతోంది, తోపుడు బండి పిడి పట్టుకుని, గాలికి ఎదురుగా అలా నిలబడిపోయాడు.

"నదిలోకి బస్సు దించే ముందు మనిషి దిగి నడవాలి," అన్నాడు స్టేనార్, తనలో తాను అనుకుంటున్నట్టు. "నిరుడున్న లోతు ఈ ఏడు ఉండదు. కాలికి అడుగు తగలకపోతే ఒడ్డుకొచ్చి బండి తిప్పుకోవాలి, సిగ్గుపడకూడదు. ఎంతమంది కుర్రాళ్ళకి నేర్పానో ఇది. నా దగ్గరికొచ్చేసరికి దిగి చూసుకోలేదు. సిగ్గేసింది." ఆగి, మళ్ళీ అన్నాడు. "పిల్ల పేరు నాకు గుర్తుండగానే ఆ కొండలు చూపిద్దామనుకున్నా. అంతే తల్లీ."

సోల్వెయిగ్ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆయన చేతిలోంచి చక్కెర డబ్బా తీసుకుని, కొండల కప్పును బల్ల చివరికి తోసేసింది.

"నదులొద్దు అఫీ. రోడ్డు మీదే పోదాం. కారు నేను నడుపుతా, దారి మీరు చెప్పండి."

"తప్పు చెప్తే?"

"ఉన్నది ఒకటే రోడ్డు. తప్పిపోయినా మన దీవి చుట్టూ తిరిగి మళ్ళీ మన గుమ్మంలోకే వస్తాం."

ముసలాయన గొంతులోంచి నవ్వు లాంటిది బయటికొచ్చి, సగంలో ఏడుపైంది. ఆమె ఆయన తల తన భుజానికి ఆనించుకుంది. ఓర్వర్ నిద్ర లేచిన ఎంబ్లాను ఎత్తుకుని లోపలికొచ్చాడు. పిల్లని తాత ఒళ్ళో పెట్టి, తాను సోల్వెయిగ్ కుర్చీ వెనక నిలబడి, ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"డాక్టరు దగ్గరికి నేనొస్తా నాన్నా," అన్నాడు. "ప్రయాణానికి ముందే."

"ముందు జలపాతం," అన్నాడు స్టేనార్.

"ముందు డాక్టరు," అన్నారు మొగుడూ పెళ్ళాం ఒక్కసారే.

ఇది చదివిన మీరు నా కోసం ఒక పని చేసిపెట్టండి. మీకు తెలిసిన పెద్దవాళ్ళలో, ఈ మధ్య ఏమడిగినా "బాగానే ఉన్నాను" అని తొందరగా మాట మార్చేవాళ్ళు ఒకరుంటారు. ఫోను చెయ్యకండి. వెళ్ళి ఎదురుగా కూర్చుని, ఎలా ఉన్నారని అడగండి. బాగానే ఉన్నానంటారు. లేవకండి, ఇంకోసారి అడగండి.