రాతిపొడి గది తలుపు

గడ్డపారలతో తలుపు పెకలించేసరికి మిల్లు కెమిస్ట్ ప్రాణం పోయింది.

కిటికీ లేని గది. మిల్లులో బలపం రాయిని మెత్తగా మరపట్టి నిలవచేసే చోటు. శవం కనురెప్పల మీద తెల్లటి పొడి. గోళ్లు విరిగాయి. తలుపు లోపలివైపు అరచేతుల గుర్తులు, కిందికి జారుతూ.

కుడి పిడికిలి బిగుసుకుని ఉంది. ఇన్‌స్పెక్టర్ ఒక్కో వేలూ విప్పింది. ఆకుపచ్చ రాయి ముక్క. దాని అంచున పీచులా సన్నటి పోగులు.

"ఉబ్బసం మనిషి మేడమ్," అన్నాడు మిల్లు యజమాని. చనిపోయింది ఆయన అల్లుడే. "ఈ దుమ్ములోకి ఎందుకొచ్చాడో."

"తలుపుకి గడియ ఉందా?"

"లేదండీ. నేల మీద గాడిలో జరిగే తలుపు. తుప్పుపట్టి బిగుసుకుంది." ఈ మాట అన్నది యజమాని బావమరిది. మిల్లు అమ్మకాలన్నీ అతని చేతిలోనివే. ఊళ్లలో బోరుబావులు వేసే బండి కూడా నడుపుతాడు.

"తుప్పెక్కడిది సార్?" ఫిట్టర్ నసిగాడు. "మొన్ననే చక్రాలు మార్చాను. చంటిపిల్ల తోసినా కదిలేది."

ఊడిన తలుపుని ఫిట్టర్ చేత మళ్లీ గాడిలో నిలబెట్టించి, అందర్నీ బయటికి పంపి, ఇన్‌స్పెక్టర్ తలుపు మూయించుకుంది. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. బయట మర రొద. అరిచి చూసింది. ఎవరూ పలకలేదు. గొంతులో పొడి పేరుకుంటోంది. తలుపు జరుగుతుందని తెలిసి కూడా చీకట్లో దానికోసం తడుముకుంది. అతనికి అది జరగనేలేదు.

బయటికొచ్చి గాడి ముందు కూర్చుంది. మూలన ఎండి నెర్రెలిచ్చిన బూడిదరంగు పెళ్ల. చిన్న ముక్క గిల్లి గ్లాసు నీళ్లలో వేసింది. పక్క గ్లాసులో మిల్లు పొడి చిటికెడు.

మిల్లు పొడి తడవకుండా పైనే తేలింది. పెళ్ల మాత్రం చూస్తుండగానే ఉబ్బి జిగురు ముద్దయింది.

మర్నాడు పెళ్ల మీద, రాయి ముక్క మీద ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. ఆమె నలుగుర్ని ఆ గదిలోకి పిలిచింది. యజమాని, బావమరిది, ఫిట్టర్, చంకలో పసిపాపతో కెమిస్ట్ భార్య.

తలుపు మూసుకుంది. టార్చ్ వెలుగులో ముఖాలు పాలిపోయి కనిపించాయి.

"గాడి నిండా పొడి కూరించాను. ఇప్పుడు కానిస్టేబుల్ నీళ్లు పోస్తాడు. కాసేపు ఉందాం."

బయట నీళ్ల చప్పుడు. బావమరిది కాలర్ వదులు చేసుకున్నాడు. తలుపు దగ్గరికి జరిగాడు.

"చాలు మేడమ్. తెరవమనండి."

"తొందరేం?"

"ఆ మట్టి ఉబ్బిందంటే మనల్ని బయటికి లాగడం ఎవడి తరమూ కాదు."

"మట్టా? నేను పొడి అన్నాను. ఈ మిల్లులో పొడంటే బలపం రాయే. అది నీళ్లు తాగదు, ఉబ్బదు."

ఆమె ఒంటి చేత్తో తోసింది. తలుపు నున్నగా జారింది.

"గాడిలో అప్పుడు పోసింది బెంటొనైట్. బోరు గోడలు కూలకుండా వాడే మట్టి. నీరు తగిలితే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. ఆ బస్తాలు మీ బండిలో ఉన్నాయి. మీ వాళ్లంతా తలుపునే లాగారు. గాడిలోకి ఎవరూ చూడలేదు."

బావమరిది గోడకి చేరబడ్డాడు. "ఆ రాయి పట్టుకుని పొడి పరీక్షకి లోపలికెళ్లాడు. కాసేపు మూసిపెడితే బెదిరి దారికొస్తాడనుకున్నాను."

"ఏ దారికి మావయ్యా?" అంది కెమిస్ట్ భార్య.

జవాబు ఇన్‌స్పెక్టర్ చెప్పింది. "అతని చేతిలో దొరికింది రాతినార, ఆస్బెస్టాస్. క్వారీలో కొత్తగా తవ్వినచోట బలపం రాయితో కలిసి వస్తోంది. ఊపిరితిత్తుల్లో దిగితే ఎన్నేళ్లకైనా కాన్సర్. పిల్లల పౌడర్ కంపెనీకి వెళ్లే లోడ్లు ఆపమని మిల్లు రిజిస్టర్‌లో రాశాడు మీ ఆయన."

ఆమె తండ్రివైపు తిరిగింది. "నాన్నా, నీకు తెలుసా?"

యజమాని నేల చూపులు చూశాడు. "రాయి సంగతి చెప్పాడమ్మా. ఈ ఆర్డర్ అయ్యేదాకా ఓపిక పట్టమన్నాను. తలుపు సంగతి మాత్రం నాకు తెలీదు, నీ మీద ఒట్టు."

ఇన్‌స్పెక్టర్ గేటుకి ఫోన్ చేసి లారీలు ఆపమంది. బావమరిది చేతులకి సంకెళ్లు పడ్డాయి. యజమానిని కూడా జీప్ ఎక్కమంది.

ఆవరణలోకి రాగానే కెమిస్ట్ భార్య నిలబడిపోయింది.

"పోయిన వారం మా ఇంట్లో పాప పౌడర్ డబ్బా తీసుకెళ్లి ఎక్కడో పారేశాడు మేడమ్. ఎందుకంటే చెప్పలేదు. మా నాన్న మిల్లు కదా, నేను బాధపడతాననేమో. గొడవపడ్డాను కూడా."

పాప మెడ దగ్గర కొంగుతో తుడుస్తూనే ఉంది.

"అప్పటిదాకా దీనికి రోజూ అదే రాశాను."