కోడలు గీసిన బటన్లు

రిటైరై పద్నాలుగు నెలలైనా, తెల్లారకముందే లేచి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చోవడం త్రినాథరావు మానలేదు. హార్బర్‌లో ఓ సరుకుల కంపెనీలో ముప్పై ఒక్క ఏళ్లు క్రేన్ నడిపిన మనిషి. ఎక్కడానికి క్రేన్ లేకపోయేసరికి మల్కాపురంలోని ఆ మూడు గదుల ఇంటి మీద పడ్డాడు. గ్యాసు బండ ఏ మూల ఉండాలో, చెప్పులు ఏ వరసలో విడవాలో ఇప్పుడు ఆయనే చెబుతున్నాడు. "ఈ మనిషిని ఇంకో పదేళ్లు ఆ క్రేన్ మీదే ఉంచుంటే నాను బతికిపోదును" అని ఆయన భార్య చిలకమ్మ పక్కింటివాళ్ల దగ్గర నవ్వుతూనే వాపోతుంది.

ఆ సోమవారం ఉదయం ఆయన వీధి గుమ్మంలో నిలబడి ఫోన్‌లో పాత స్నేహితుడు ఉమాశంకర్‌తో మాట్లాడుతున్నాడు.

"పదకొండుకల్లా తీసుకొచ్చేత్తాను బావ. నువ్వేటీ అనుమానం ఎట్టుకోకు. మా కోడలు ఇంట్లో కాళీగానే ఉంది."

ఆ చివరి మాట హాల్లో కూర్చున్న కోడలి చెవిన పడనే పడింది.

కోడలు హరిచందన ఆనందపురం పిల్ల. ఇంజినీరింగ్ చదివి నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసి, ఎనిమిది నెలల క్రితం మానేసింది. "నీకిష్టమైంది చేసుకో, మా నాన్నకి మాత్రం నువ్వే చెప్పుకో" అని భర్త సాయిశంకర్ చల్లగా తప్పుకుని స్టీల్ ప్లాంటు షిఫ్టుకి వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ భోజనాల బల్ల మీద మూడు కంప్యూటర్లు వెలిశాయి. ఇంటిల్లిపాదీ చాప మీద కూర్చుని భోంచేస్తున్నారు.

ముప్పై ఏళ్ల కిందటి వీడియో గేమ్ పెట్టెలు ఇప్పుడు దొరకవు. దొరికినా పనిచెయ్యవు. వాటిని ఈనాటి కంప్యూటర్ లోపల మళ్లీ బతికించే ప్రోగ్రాముల పేరు ఎమ్యులేటర్లు. లోపల పాత యంత్రం ఎంత చక్కగా నడిచినా, వాడే మనిషికి పైన మెనూలు, విండోలు, బటన్లు కావాలి కదా. విండోస్‌కి ఒకసారి, లినక్స్‌కి ఒకసారి, మ్యాక్‌కి ఒకసారి వాటిని రాయలేక ఎమ్యులేటర్లు చేసేవాళ్లు తల పట్టుకుంటారు. హరిచందన తయారుచేస్తున్నది ఆ సామానంతా ఉన్న టూల్‌కిట్. దాంతో ఒకసారి రాస్తే చాలు, మూడింటిలోనూ నడుస్తుంది. దానికి 'చుక్కాని' అని పేరు పెట్టింది. ఇప్పటికే ఐదు ఎమ్యులేటర్లు దాని మీద నడుస్తున్నాయి. తన పని బాగుందని ఆమెకి తెలుసు, ఆ విషయంలో దొంగ వినయం కూడా లేదు.

మావగారికి మాత్రం కనపడేది తెర మీద గెంతే బొమ్మలే.

చిలకమ్మ పెసరట్లు వడ్డించింది. త్రినాథరావు తుంచిన ముక్క నోట్లో పెట్టుకుంటూ, "తొందరగా తెమలమ్మా. ఉమాశంకరం సూసిన ఉద్యోగం అది, ఊరికే రాదు" అన్నాడు.

"నేను రావట్లేదు మావయ్యా."

"ఏటి?"

"చేరాలంటే ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఆఫీసు పని తప్ప బయట ఇంకే ప్రోగ్రామూ రాయకూడదు. అంటే చుక్కానిని మూసెయ్యాలి."

"మూసెయ్. నాలుగు బటన్లు గీసీ పనే కదా! అదేటి, ఓడ కట్టీ పనా? నాను మాటిచ్చేసినాను."

"నన్నడిగి ఇవ్వాల్సింది."

చిలకమ్మ అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ ఇంట్లో ఆయనతో ఎవరూ అలా మాట్లాడరు.

"నీ మంచికే సెప్తన్నాను. ఊళ్లో అందరూ అడుగుతన్నారు, మీ కోడలు ఏటి సేత్తన్నాదని. ఏటని సెప్పను?"

"ఖాళీగా ఉందని చెబుతున్నారు కదా, విన్నాను." హరిచందన తగ్గలేదు. "ఎనిమిది నెలలుగా పొద్దున్నే ఏడింటికి ఈ కుర్చీలో కూర్చుంటున్నాను. మీరు ఆ ఎదురు కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. ఇదేటని ఒక్కరోజైనా అడిగారా? నాను కాళీగా లేను మావయ్యా!"

కోపం వచ్చేసరికి ఆనందపురం యాస నోట్లోకి వచ్చేసింది. త్రినాథరావు పళ్లెం పక్కకి జరిపి లేచాడు.

సరిగ్గా అప్పుడే మధ్య కంప్యూటర్ టింగుమంది. హరిచందన విసురుగా అటు తిరిగి, వచ్చిన ఉత్తరం చదివింది. మళ్లీ చదివింది. ఆ తరవాత కుర్చీలో వెనక్కి వాలిపోయింది. ఇందాకటి ధాటి అంతా ఎటు పోయిందో, మొహం పాలిపోయింది.

"నేను చీర మార్చుకుని వస్తాను. వెళ్లి సంతకం పెడదాం" అంది.

పంతం నెగ్గినందుకు త్రినాథరావు సంతోషించాలి. ఎందుకో ఆయనకి ఆ మాట నచ్చలేదు. "ఏటయిందమ్మా?" అన్నాడు. ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి అడగడం.

"పోర్చుగల్ నుంచి మ్యాక్ వాడే ఒకాయన రాశాడు. నిన్న ఆదివారం కొడుకుతో కూర్చుని పాత ఆట ఒకటి చివరిదాకా ఆడారట. మూసేటప్పుడు, ఆడింది దాచాలా, వదిలెయ్యాలా అని నా చుక్కాని అడిగింది. ఆయన దాచమన్నాననుకుని వదిలెయ్యమన్న బటన్ నొక్కేశాడు. రోజంతా ఆడిందంతా పోయింది. పిల్లాడు ఏడ్చి ఏడ్చి పడుకున్నాడట. ఆయన తప్పు కాదు, నాదే. శుక్రవారం కొత్త వెర్షన్‌లో నేనే బటన్ల చోటు మార్చాను."

"ఈ కొత్తది ఎంతమంది కాడుంది?"

"తొమ్మిది వందలమంది తీసుకున్నారు."

"ఆళ్లు కూడా అలాగే నొక్కుతారా?"

"సగం మందైనా నొక్కుతారు. నాకీ పని చేతకాదేమో మావయ్యా. మీరే కరెక్టు."

ఆమె లేవబోయింది. త్రినాథరావు కుర్చీ వెనక చెయ్యి వేసి ఆపాడు.

"కూకో."

"మావయ్యా..."

"సరుకు గాల్లో ఉంది. సరుకు గాల్లో ఏలాడుతుంటే సీటు దిగీసేవోడు క్రేన్ డ్రైవర్ కాడు. గాలొచ్చినా, వానొచ్చినా, ఆడి బాబొచ్చినా, ముందు కిందకి దించాల. తరవాతే దిగాల. కూకోమ్మా. బటన్లు ఏటి మార్చినావో సూపించు."

ఆమె చూపించింది. విండోస్‌లో 'దాచు' బటన్ ముందు వస్తుంది. మ్యాక్‌లో చిట్టచివర, కుడి పక్కన ఉంటుంది; లినక్స్‌లోనూ ఎక్కువగా అంతే. ఎక్కడ చూసినా చుక్కాని ఒకేలా కనపడాలన్న మోజులో హరిచందన మూడింటిలోనూ దాన్ని ఎడమకి తెచ్చేసింది. మ్యాక్‌లో 'దాచు' ఉండే చోటికి 'వదిలెయ్' వచ్చి కూర్చుంది.

త్రినాథరావు ఆ మూడు తెరలనీ మార్చి మార్చి చూశాడు.

"లివర్లు మార్చేసినావన్నమాట," అన్నాడు.

"ఏ లివర్లు?"

ఆయన చాప మీద కూలబడ్డాడు. తెలియకుండానే రెండు చేతులూ గాల్లో రెండు పిడులు పట్టుకున్నట్టు పెట్టాడు. "ఇరవై రెండేళ్ల కిందట కొత్త క్రేన్ ఒకటొచ్చింది. సరుకు లేపీ లివర్ నాకెప్పుడూ కుడి సేతికి. దాంట్లో ఎడం సేతికెట్టినారు. నేర్చుకోండన్నారు. బుర్రకి నేర్పినాను. సేతికి తెలీదు కదా! సరుకు లేపుదామని కుడిది లాగినాను. క్రేన్ పక్కకి తిరిగిపోయింది. కింద సరుకు కట్టీ చలమయ్య ఉన్నాడు."

చిలకమ్మ వంటింటి గుమ్మం పట్టుకుంది. "చలమయ్యన్నయ్య కాలు... మెట్ల మీంచి పడ్డాడన్నారు కదా?"

"ఆడే అలాగ సెప్పమన్నాడు. నా ఉద్యోగం పోతాదని." త్రినాథరావు భార్య వైపు చూడలేకపోయాడు. "ఆయేళ నాను వణికిపోయి కిందకి దిగిపోబోయినాను. ఇంక జన్మలో ఎక్కనన్నాను. ఆ నలిగిన కాలు పట్టుకునే ఆడు కేకేసినాడు, సరుకు గాల్లో ఉందిరా, దించి దిగు అని. దించినాను. మర్నాటి నుంచీ మేమెవులం ఎక్కనేదు. ఎనిమిది రోజులు గొడవాడి, లివర్లు మా సేతికి అలవాటైనట్టు మార్పించుకున్నాం. అప్పుడే ఎక్కినాం."

చిలకమ్మ వచ్చి ఆయన పక్కనే చాప మీద కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇన్నేళ్లూ ఒక్కడివే మోసినావా?" అంది. ఆయన తల ఊపాడు.

హరిచందన కుర్చీ ముందుకి లాక్కుంది. ఏం చెయ్యాలో ఇప్పుడు ఆమెకి పట్టపగలంత స్పష్టంగా తెలుసు. చుక్కాని తన ముచ్చట కోసం బటన్లు పేర్చకూడదు. ఏ కంప్యూటర్ మీదికి వచ్చానా అని ముందు చూసుకుని, అక్కడి మనిషి చెయ్యి ఎటు పోతుందో అటే 'దాచు' పెట్టాలి. ముందుగా ఆ పోర్చుగల్ ఆయనకి తప్పు నాదేనని నాలుగు వాక్యాలు రాసి, శుక్రవారం వెర్షన్ వాడొద్దని అందరికీ కబురు పెట్టింది. ఆ తరవాత కీబోర్డు మీద చేతులు వేసింది. ఈ పని ఆమెకి వచ్చు. సందేహం లేదు.

సాయంగా త్రినాథరావు కూడా కూర్చున్నాడు. ఒక్కో కంప్యూటర్ మీదా ఆ బొమ్మల ఆట తెరవడం, మూయడం, అడిగినప్పుడు బటన్ నొక్కడం ఆయన వంతు.

"సూసి నొక్కకూడదు. సూడకుండా నొక్కాల," అని రూలు కూడా ఆయనే పెట్టాడు. మధ్యలో, "ఆ 'వదిలెయ్'ని 'దాచు' పక్కనే ఎందుకెట్టినావు? దూరంగా ఎట్టు" అని కసిరాడు కూడా. అది నిజమే. ఆమె మారుమాట్లాడకుండా దూరం జరిపింది. ఇద్దరూ లేవకుండానే వాళ్ల నోటికి చిలకమ్మ చల్లారిన పెసరట్టు ముక్కలు అందించింది.

పదకొండున్నరకి ఫోన్ మోగింది. మౌసు వదలడం ఇష్టం లేక త్రినాథరావు స్పీకర్ నొక్కాడు.

"ఏటి బావ, ఇక్కడ పెద్దోళ్లు కూకున్నారు. మీ కోడలేదీ?" ఉమాశంకర్ గొంతులో విసుగు.

"రాదు బావ. నీకు నానే తప్పు సెప్పినాను, నన్ను తిట్టు," అన్నాడు త్రినాథరావు. "మా కోడలు కాళీగా నేదు. పనిలో ఉంది."

హరిచందన చేతులు ఆగిపోయాయి. కళ్లలో నీళ్లు నిండి తెర మీద అక్షరాలు అలుక్కుపోయాయి. ముక్కు ఎగబీల్చింది.

ఆయన ఫోన్ పెట్టేసి మూడో కంప్యూటర్ వైపు జరిగాడు. చూడకుండానే బటన్ నొక్కాడు. ఆట భద్రంగా దాచబడింది.

"తరవాత ఏడుద్దువు గానీ," అన్నాడు, "ముందు సరుకు దించమ్మా."

హరిచందన మోచేత్తో కళ్లు తుడుచుకుని, సరిచేసిన వెర్షన్‌ని తొమ్మిది వందలమందికీ పంపించేసింది.